కాలువలు కలిసొచ్చిన బెజవాడ, కలిసిరాని కర్నూలు

రెండూ నదీ తీరపు ఊళ్లే, సముద్రానికి దూరమే. రెండు చోట్లా 19వ శతాబ్దంలో కాలువలు తవ్వారు, ఆలోచనా ఒకటే: పొలానికి నీళ్లు, పడవకు దారి. ఫలితం మాత్రం వేరు.

బెజవాడలో 1855 నాటికి కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. ఇక్కడి నుంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు డెల్టాలోకి వెళ్తాయి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలవడంతో కాకినాడ వైపు పడవలు నడిచాయి. అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువకు చేరి మద్రాసు దారి చూపింది. ధాన్యం, ఉప్పు, కలప అన్నీ నీళ్ల మీదే. 1893లో రైలు వంతెన వచ్చేనాటికే ఇది వ్యాపారపు కూడలి. రైలు పడవలను మెల్లగా మింగేసింది కానీ ఊరిని మాత్రం ఇంకా పెంచింది.

కర్నూలు సంగతి వేరు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కడప వరకు కె.సి. (కర్నూలు-కడప) కాలువను ఒక ప్రైవేటు కంపెనీ 1860లలో తవ్వడం మొదలుపెట్టింది. డెల్టాలో వరి రైతుకు నీళ్లే ప్రాణం. ఇక్కడ మెట్ట పంటల రైతు, వాన పడితే చాలు, డబ్బు కట్టి నీళ్లెందుకు అనుకున్నాడు. పడవల రాకపోకలూ అంతంతమాత్రమే. చివరికి 1882లో కాలువను ప్రభుత్వమే కొనుక్కుంది.

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. నా లెక్కలో అది రాజకీయ ఒప్పందాల పుణ్యమే, కాలువది కాదు. అయినా కె.సి. కాలువ కింద ఇవాళ్టికీ వరి పండుతోంది.