పాత హిమాలయన్ స్థానంలో హిమాలయన్ 450

రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి 411 సీసీ హిమాలయన్ బైకును ఏళ్ల తరబడి నడిపి, ఇక మరమ్మతుల ఖర్చు గిట్టుబాటు కాదని తేల్చుకున్నవారు సహజంగానే మొదట చూసేది హిమాలయన్ 450నే. అయితే పేరు కలిసినా బండి స్వభావం వేరు. పాత ఇంజన్ సుమారు 24 హార్స్‌పవర్ ఇచ్చేది, గేర్లు 5. కొత్తది 452 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజన్, దాదాపు 40 హార్స్‌పవర్, గేర్లు 6. హైవే మీద లారీని దాటేటప్పుడు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. కానీ రాళ్ల ఎత్తులో థ్రాటిల్ (యాక్సిలరేటర్) ముట్టకుండా, నెమ్మదిగా ఎక్కించే పాత అలవాటు ఇక్కడ అంతగా పనికిరాదు: ఈ ఇంజన్ గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర అందుతుంది కాబట్టి, ఒక గేరు తగ్గించి థ్రాటిల్ కాస్త తెరిచి ఉంచాలి. ముందు చక్రం రెండింటికీ 21 అంగుళాలే. సీటు ఎత్తు మాత్రం 800 నుంచి 825 మిల్లీమీటర్లకు పెరిగింది. పొట్టివారు సామాను కట్టిన బండి మీదే కూర్చుని, పాదాలు నేలకు ఎంతవరకు ఆనుతున్నాయో చూసుకోవడం మేలు. ఇదే తరహా మరో బైకు యమహా టెనెరే 700 ఇంతకంటే చాలా శక్తిమంతమైనదే గానీ, దాని సీటు 875 మిల్లీమీటర్లు. పాత బండికి బిగించిన సామాన్ల స్టాండ్లు 450కి సరిపోవు, ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి. అయినా నా ఓటు దీనికే.