భీమిలి రోడ్డా, యారాడ కొండదారా?

విశాఖలో ఫ్రెండ్స్‌తో సముద్రం పక్కన డ్రైవ్ అనగానే ముందు తట్టేవి ఈ రెండే.

భీమిలి వైపు దారే అసలు అందం. దాదాపు 30 కిలోమీటర్లు. రుషికొండ దాటాక కుడిచేతి వైపు సముద్రం, ఎడమవైపు కొండలు. తొట్లకొండ మీద బౌద్ధ ఆరామం శిథిలాలు, మంగమారిపేట దగ్గర శిలాతోరణం, ఆపైన ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల్లో కాసేపు తిరిగొస్తే చెప్పుల అంచులకీ, కారు మ్యాట్లకీ ఆ ఎర్రమట్టే. చివర్లో భీమిలి, అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పాత డచ్చి సమాధులు కూడా చూసి రండి. ఆదివారం మాత్రం రుషికొండ దగ్గరే జనం కిక్కిరిసిపోతారు.

యారాడ దగ్గరే, కానీ కొండెక్కి దిగాలి. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లకి ఆ మలుపులు కాస్త టెన్షనే. అయితే దిగుతుంటే కొబ్బరితోటలు, వాటి వెనక నీలంగా సముద్రం ఒక్కసారిగా కనిపిస్తాయి చూడండి, కారులో మాటలు ఆగిపోతాయి! మూడు వైపులా కొండలు, ఎదురుగా బంగాళాఖాతం. ఊరి హోరు అస్సలు వినపడదు.

ప్రయాణమే ముఖ్యమైతే భీమిలి. అలల చప్పుడు వింటూ ఊరికే కూర్చోవాలంటే నా ఓటు యారాడకే, అదీ పనిరోజు పొద్దున్నే. ఒక్క మాట, అక్కడ నీళ్లు లోపలికి లాగేస్తాయి. మోకాళ్ల లోతు దాటొద్దు.