బిగుసుకుపోయిన ట్రస్ రాడ్: రిపేరు చేసిన మూడేళ్ల తర్వాత

మాది విశాఖ. ఆదివారం ఆరాధనలో, పండగల సీజన్లో ఆర్కెస్ట్రాల్లో నేను వాయించేది ఒకే బేస్ గిటార్. జాజ్ బేస్ తరహా నాలుగు తీగలది, 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు). సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్న రెండో ఏడాదికే ఏడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర తీగలు బాగా పైకి లేచి, నొక్కి నొక్కి వేళ్లు పుండ్లయ్యాయి. ఒక షాపులో చూపిస్తే, "రాడ్ జామ్ అయిపోయింది, నెక్కే మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన రేటుకి ఇంకో పాత బేసే వచ్చేస్తుంది.

నాలుగు తీగలూ కలిసి నెక్‌ని, అంటే బేస్ పొడవాటి చెక్క మెడని, సుమారు 80 కిలోల బరువుతో లాగుతాయి. విల్లులా ముందుకు వంగకుండా దాన్ని లోపల పట్టి ఉంచే ఇనుప కడ్డీయే ట్రస్ రాడ్. వంపు కొలవడానికి మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగల్ని నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ మీద ఖాళీ చూశాను. బైకు మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజే దీనికీ సరిపోతుంది. మామూలుగా 0.3 మిల్లీమీటర్లు ఉండాల్సిన ఖాళీ నాకు 1.2 వచ్చింది.

మొదటి తప్పు నాదే. ఇంట్లో ఉన్న పాత అంగుళాల సెట్‌లోంచి 3/16 అలెన్ కీ తీసి రాడ్ చివరున్న నట్‌ని తిప్పాను. అది 4.76 మిల్లీమీటర్లు, నట్ మాత్రం 5 మిల్లీమీటర్లది. "సరిపోయినట్టే ఉంది" అనుకుని బలం పెడితే కీ జారి నట్ లోపలి మూలలు కాస్త అరిగాయి. ఆ శబ్దానికి గుండె గుభేలుమంది. సరైన కీ తెచ్చాక కూడా నట్ కదల్లేదు. సూది మొనతో ఒక్క చుక్క డబ్ల్యూడీ 40 వేసి రాత్రంతా ఉంచినా అంతే. అంతకంటే ఎక్కువ వేస్తే నూనె చెక్కలోకి ఇంకిపోతుంది.

దారి చూపించింది పక్కింటి వడ్రంగి బాబాయ్. బేస్ అంటే ఏమిటో ఆయనకి తెలీదు. నెక్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇనుముతో కుస్తీ ఎందుకురా, ముందు కర్రని వంచు. బరువు తీసేస్తే నట్ దానంతట అదే తిరుగుతుంది" అన్నాడు.

తీగలన్నీ తీసేసి, నాలుగు స్క్రూలు విప్పి నెక్ బయటికి తీశాం. ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద ఫ్రెట్లుండే ముఖం) మీద పొడవాటి చెక్క బద్ద ఒకటి పెట్టాం. దాని కింద మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా మాత్రమే చిన్న చెక్క ముక్కలు, గుడ్డ చుట్టి పెట్టాం. మధ్యలో సీ క్లాంప్ వేసి నెక్‌ని బద్ద వైపు మెల్లగా లాగాం. నిటారుకన్నా వెంట్రుకవాసి ఎక్కువగా వెనక్కి వంగాక, నమ్మండి, నట్ రెండు వేళ్లతో విప్పగలిగేంత తేలిగ్గా వచ్చేసింది. సముద్రపు గాలికి తుప్పు పట్టింది కానీ అసలు రోగం అది కాదు. మర అయిపోయింది! నట్ చివరిదాకా వెళ్లిపోయి, ఇక ముందుకు పోయే చోటు లేక ఆగింది. జామ్ అనుకున్నది అదే.

నట్‌ని కిరోసిన్‌లో కడిగి, మర మీద కాస్త గ్రీజు రాసి, నట్‌కి బిగుసుకోవడానికి మర మిగిలేలా రెండు సన్నని వాషర్లు వేసి బిగించాం. క్లాంప్ వదిలి, తీగలు ఎక్కించి కొలిస్తే 0.45. మర్నాడు ఇంకో పావు చుట్టు తిప్పాక 0.3కి దిగింది. అయిన ఖర్చు క్లాంప్, కీ, వాషర్లే. బాబాయ్ డబ్బులు తీసుకోలేదు, టీ తాగి వెళ్లాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది నెక్‌ని ఒకవైపే, అంటే వెనక్కే, వంచే రాడ్ కాబట్టి నట్ పూర్తిగా ఊడొచ్చింది. రెండు వైపులా పనిచేసే రాడ్‌లలో నట్ కడ్డీకే అతికి ఉంటుంది, దాన్ని ఊడదీయాలని చూస్తే లోపల విరుగుతుంది. మీది ఏదో తేల్చుకున్నాకే చెయ్యి వెయ్యండి.

మూడేళ్లయింది. వానాకాలం మొదట్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి అరపావు చుట్టు తిప్పుతుంటాను, ఎప్పుడూ మొరాయించలేదు. డిసెంబరు నెలంతా క్యారల్స్‌కి రాత్రిళ్లు బండి మీద తిప్పినా ట్యూనింగ్ నిలబడింది. లోపాలు లేవనను. క్లాంప్ తగిలిన చోట నెక్ వెనక చిన్న నొక్కు పడింది, బొటనవేలికి ఇప్పటికీ తగులుతుంది. అక్కడ గుడ్డ ఇంకో మడత వేయాల్సింది. పన్నెండో ఫ్రెట్ పైన ఇ తీగ కాస్త బజ్ అంటుంది, గట్టిగా వాయిస్తేనే. అది రాడ్ పని కాదు, ఫ్రెట్ల అరుగుదల.

ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైన చదునైన తీగ చుట్టిన నున్నటివి) వేయాలని చాన్నాళ్లుగా ఉంది. వాటిలో చాలావాటికి లాగుడు ఎక్కువ. ఆ మూలలరిగిన నట్‌ని ఇంకా గట్టిగా బిగించే ధైర్యం మాత్రం చాలడం లేదు.