ఎలోయ్ రికార్డులు, పదకొండేళ్లు విన్నాక

జర్మనీలోని హానోవర్‌లో చదువుకునే రోజుల్లో, లైనె నది ఒడ్డున శనివారం పెట్టే పాత సామాన్ల సంతలో ఎలోయ్ అనే రాక్ బ్యాండు మొదటి రికార్డు కొన్నాను. ఈ ఊరి బ్యాండేనని అమ్మినాయన అన్నాడు గానీ, నేను అట్ట చూసి పడిపోయాను. చెత్తడబ్బా బొమ్మ, మూత పైకెత్తొచ్చు. తీరా రూముకొచ్చి చూస్తే రెండో వైపు పొడుగ్గా గీత. బేరమాడి తగ్గించానని మురిసిపోయింది నేనే కదా!

1971 నాటి ఆ రికార్డు హార్డ్ రాక్. గిటార్‌లో బ్లూస్ వాసన, ఎరిష్ ష్రీవర్ గొంతులో రాజకీయాల మీద కోపం. బాగానే ఉంటుంది, కానీ ఆ రోజుల్లో అలాంటి బ్యాండ్లు వీధికొకటి.

1973లో వచ్చిన 'ఇన్‌సైడ్' వింటే వీళ్లు వాళ్లేనా అనిపిస్తుంది. ష్రీవర్ వెళ్లిపోయాడు. గిటారిస్టు ఫ్రాంక్ బోర్నెమాన్ పాడే పని కూడా నెత్తినేసుకున్నాడు. మాన్‌ఫ్రెడ్ వీచోర్కె ఆర్గాన్ ముందుకొచ్చింది. మొదటి పాట 'ల్యాండ్ ఆఫ్ నో బాడీ' ఒక్కటే 17 నిమిషాలు. ఈ మార్పులో సగం పుణ్యం బోర్నెమాన్ గొంతుదేనని నా అనుమానం. ఆయన గొప్ప గాయకుడేం కాదు, ఇంగ్లీషు పాడుతుంటే జర్మన్ యాస ఎక్కడా దాగదు. కాబట్టి పాడేది తక్కువ, వాయించేది ఎక్కువ అయింది. మొదట్లో ఆ యాసకి నవ్వొచ్చేది. ఇప్పుడు ఇంకెవరైనా పాడితే నాకే నచ్చదేమో.

1975 నాటి 'పవర్ అండ్ ద ప్యాషన్'లో కుర్రాడు 14వ శతాబ్దపు పారిస్‌కి వెళ్లిపోతాడు. కథ మరీ ఎక్కువైంది. ఆ తర్వాత బ్యాండు విడిపోయింది, బోర్నెమాన్ కొత్తవాళ్లను పోగేశాడు. స్కార్పియన్స్ అనే ఇంకో రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించిన యూర్గెన్ రోజెంతాల్ వచ్చి పాటలు కూడా రాశాడు. అలా 1977లో 'ఓషన్' వచ్చింది: సముద్రంలో అట్లాంటిస్ అనే పురాణాల దీవి మునిగిపోయిన కథ, మొత్తం నాలుగే పాటలు. చివరి పాట పేరులో ప్రళయం వచ్చిన టైము '13 p.m.', అంటే 'మధ్యాహ్నం 13 గంటలు' అని ఉంటుంది! ఇంగ్లీషు తెలిసినవాళ్లెవరూ పక్కన లేరు కాబోలు.

మొదటి ఏడాది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ రాత్రి 'ఓషన్' వినేవాణ్ణి. అందులో మట్సియోల్ వాయించిన బాస్ గిటార్ కోసం ఇప్పటికీ వింటాను, కాకపోతే చివరి పాట మొదట్లో వచ్చే మాటల భాగం దాటేస్తాను. 'ఇన్‌సైడ్' మాత్రం ఏ పాటా దాటెయ్యకుండా వింటున్నాను. కొత్తగా వినేవాళ్లు దాంతోనే మొదలుపెట్టండి.

మొదటి రికార్డు ప్లేయర్ ముల్లు కిందకి వచ్చి నాలుగేళ్లయింది. ఇంటికొచ్చిన పిల్లలు మాత్రం దాని మూత ఎత్తి దించుతూ ఉంటారు.