లైవ్ ట్రాన్స్‌క్రైబ్: ఎదుటి మనిషి మాటకు సరే, టీవీకి చాలదు

వినికిడి తగ్గినవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ చక్కగా పనికొస్తుంది. అమెరికాలో బధిరుల కోసం ఉన్న గాలాడెట్ విశ్వవిద్యాలయంతో కలిసి తయారుచేసి 2019లో విడుదల చేసిన ఈ ఉచిత ఆండ్రాయిడ్ యాప్ మాట్లాడిన మాటను అప్పటికప్పుడు తెరమీద అక్షరాలుగా చూపిస్తుంది. తెలుగూ ఉంది.

మొదటి భాషగా తెలుగు, రెండోదిగా ఇంగ్లిష్ పెట్టుకోండి. మాట్లాడేవారు పూర్తిగా ఇంగ్లిష్‌లోకి వెళ్లినప్పుడే భాష మార్చాలి. మధ్యలో వచ్చే ఒకటి రెండు ఇంగ్లిష్ మాటల కోసం మారిస్తే వాక్యమంతా చెడిపోతుంది.

తప్పులు ఎక్కువగా పుట్టేది మైకు దూరం వల్లే. చాలా ఫోన్లకు మైకు అడుగున ఉంటుంది కాబట్టి ఆ అంచును మాట్లాడేవారి వైపు తిప్పండి. దూరం సగానికి తగ్గితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది రొద మాత్రం పెరగదు. తెరమీద ఒకదానిలో ఒకటిగా రెండు వలయాలు కనిపిస్తాయి: లోపలిది చుట్టూ ఉన్న రొద, బయటిది గొంతు. రెండూ దగ్గరగా ఉన్నాయంటే ఫోన్ జరపాలి, లేదా కాలర్ మైకు తగిలించాలి.

తెలుగుకు ఇంకో చిక్కుంది. మన వ్యతిరేకార్థం క్రియ చివర ఉంటుంది, మన గొంతు దిగిపోయేదీ అక్కడే. "ఈ మాత్ర వేసుకోకు" అన్నప్పుడు ఆ చివరి "కు" పడకపోతే తెరమీద "ఈ మాత్ర వేసుకో" అని వస్తుంది. పోయింది ఒక్క అక్షరమే, తిరగబడింది మొత్తం అర్థం. పైగా అది తప్పులేని వాక్యంలా ఉంటుంది, చదివేవారికి అనుమానమే రాదు. అందుకే మందులు, డబ్బు, తేదీల దగ్గర "వేసుకోవాలా, వద్దా?" అని కీబోర్డుతో తిరిగి అడిగి తీరాలి. మాట్లాడేవారు వాక్యం చివరిదాకా గొంతు తగ్గించకుండా పలికితే సగం బెడద తీరుతుంది.

ఇక టీవీ. స్పీకర్ నుంచి సంభాషణ, నేపథ్య సంగీతం కలిసిపోయి వస్తాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటలు అల్లుకుపోతాయి. యాప్ వేసిన మాటను తర్వాతి మాటలను బట్టి మళ్లీ దిద్దుకుంటుంది కూడా, దాంతో కళ్లు వెనక్కి వెళ్తాయి, ఈలోగా దృశ్యం దాటిపోతుంది. మనిషి ముందే రాసిపెట్టిన క్యాప్షన్ (తెర కింద పడే అక్షరాలు) సమయానికి పడుతుంది. ఎవరు మాట్లాడుతున్నారో, తెర బయట తలుపు ఎప్పుడు కొట్టారో చెబుతుంది. కార్యక్రమానికి అలాంటి క్యాప్షన్ ఉంటే అదే పెట్టుకోండి. యూట్యూబ్‌లోనూ ఆటోమేటిక్‌గా పుట్టినదీ, మనుషులు ఎక్కించినదీ రెండూ కనిపిస్తే రెండోదే ఎంచుకోండి. ఫోన్‌లో చూసే వీడియోలకు లైవ్ క్యాప్షన్ అనే సదుపాయం వేరే ఉంది. అది శబ్దాన్ని ఫోన్ లోపలి నుంచే తీసుకుంటుంది, గది రొద అడ్డురాదు. మీ ఫోన్‌లో ఏయే భాషలకు పనిచేస్తుందో మాత్రం ముందు చూసుకోవాలి.

ఆసుపత్రికి వెళ్లే ముందు లైవ్ ట్రాన్స్‌క్రైబ్‌లో సంభాషణను దాచే ఆప్షన్ ఆన్ చేయండి. డాక్టర్ చెప్పింది తర్వాత నిదానంగా చదువుకోవచ్చు.