మా కాలనీ పార్కు: మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరి మాట

మా ఇంటి గేటు నుంచి పార్కు గేటుకు 240 అంగలు. అవి నా అంగలు. మా ఆవిడకైతే 310 పడతాయి. అంగలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టానేంటి అనుకోవద్దు. అరవై దాటినవాళ్ళకు పార్కు ఎంత పెద్దది, ఎంత అందంగా ఉంది అన్నవి తర్వాత సంగతులు. ముందు తేలాల్సింది అక్కడికి ఎంత దూరం అన్నదే.

నేను హైదరాబాద్ సిటీ బస్సుల్లో 33 ఏళ్ళు కండక్టర్‌గా పనిచేశాను. అన్నేళ్ళూ నిలబడే చేసిన ఉద్యోగం, మోకాళ్ళు అక్కడే అరిగాయి. మా ఆవిడకు షుగర్ ఉంది, రెండేళ్ళ కిందట కుడి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవాలని మా ఇద్దరికీ డాక్టర్ గట్టిగా చెప్పాడు.

మొదట ఇందిరా పార్కుకే వెళ్ళాం. డ్యూటీలో ఉన్నప్పుడు బస్సు కిటికీలోంచి వేలసార్లు చూసిన చోటు అది. రిటైరయ్యాక తీరిగ్గా నడవాలని ఎప్పటి నుంచో అనుకునేవాణ్ణి. 1975లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు, 76 ఎకరాలు, పెద్ద పెద్ద చెట్లు. వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆవిడకు టికెట్ బాధ లేదు గానీ బస్సు మెట్టు ఎత్తు తగ్గలేదు కదా. కడ్డీ పట్టుకుని ఆపరేషన్ కాలు పైకి పెట్టేసరికి ఆవిడ ముఖం ఎలా ముడుచుకునేదో నాకు తెలుసు. మొదటి నెల పదకొండు సార్లు వెళ్ళాం, రెండో నెల నాలుగు సార్లు. మూడో నెల వెళ్ళలేదు.

అప్పుడు మా వీధి చివర ఉన్న ఈ చిన్న పార్కు వైపు చూశాం. అర ఎకరం కూడా ఉండదు. పేరు రాయడం లేదు. కింద రాయబోయే లోపాలకు ఎవరో ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు, ఇలాంటి పార్కులు ప్రతి కాలనీలో ఉన్నాయి. ఏడాదిన్నరగా వెళ్తున్నాం. వాన గట్టిగా పడిన రోజులు, ఊరెళ్ళిన రోజులు తప్ప మానలేదు.

చుట్టూ నడక బాట ఒక రౌండు నాకు 260 అంగలు. కుడి జేబులో పది చింతగింజలు వేసుకుంటాను. రౌండు పూర్తయినప్పుడల్లా ఒక గింజ ఎడమ జేబులోకి మారుతుంది. పది గింజలూ మారేసరికి అరగంట దాటుతుంది. అరవై అయిదు దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలనీ, అందులో మూడు రోజులైనా పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి ఐదు రోజులు పది గింజలు మారితే నా 150 నిమిషాలు అయిపోతాయి. నిలదొక్కుకునే వ్యాయామం బెంచీ దగ్గరే. బెంచీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టడం, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్ళు ఆనించి నడవడం. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. మా ఆవిడ మొదట్లో మూడు వరకు నిలబడేది, ఇప్పుడు తొమ్మిది దాకా వస్తోంది.

ఇక బెంచీల సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు, మాకు మాత్రం ఇదే ప్రాణం. ఎనిమిది సిమెంటు బెంచీలున్నాయి. వాటిలో వీపు ఆనుకునేవి ఐదు. చేతులు ఆనించి లేవడానికి పక్కన ఆసరా ఉన్నవి రెండే. మోకాలు పట్టేసిన మనిషికి కూర్చోవడం కష్టం కాదు, లేవడం కష్టం. ఆ రెండు బెంచీల కోసం ఉదయం ఆరింటికే వచ్చేవాళ్ళున్నారు. అయితే బెంచీకీ బెంచీకీ మధ్య దూరం ముప్పై నలభై అంగలకు మించదు. అలసిపోతే కూర్చునే చోటు దగ్గర్లోనే ఉందన్న ధైర్యం ఉంటే మనిషి ఇంకో నాలుగడుగులు వేస్తాడు. ఈ పార్కుకు వచ్చిన మొదటి వారం మా ఆవిడ ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీ దాకా నడిచింది. మూడో నెలకు ఆగకుండా ఒక రౌండు పూర్తి చేసింది. ఆ రోజు ఇంటికొచ్చి తనంతట తానే కూతురికి ఫోన్ చేసి చెప్పింది.

చెట్లు బాగా ఎంచి పెట్టారు, ఎవరు పెట్టారో గానీ వాళ్ళకు దండం. పడమటి పక్క వరసగా ఆరు కానుగలు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి లేత ఆకులతో నిండిపోతాయి. ఏప్రిల్ సాయంత్రం ఐదింటికి కూడా వాటి కింద కూర్చోగలం. ఒక వేప, ఒక రావి, రెండు గుల్‌మొహర్లు. గుల్‌మొహర్ పూసినప్పుడు కళ్ళకు పండగే, కానీ ఈదురుగాలికి కొమ్మలు విరుగుతాయి, వాటి కింద బెంచీ వేయకుండా ఉండాల్సింది. మూలన పొగడ చెట్టు. తెల్లవారేసరికి దాని కింద పూలు రాలి ఉంటాయి. నలుగురైదుగురు ఆడవాళ్ళు వంగలేక ఒక చీపురుపుల్లతో దగ్గరకు లాగి ఏరుకుంటారు. పొగడపూలు ఎండినా వాసన పోదు. మా దేవుడి గూటిలో పోయిన నెల దండ ఇంకా ఉంది.

మా మనవడు జపాన్‌లో జరిగిన ఒక అధ్యయనం గురించి చదివి చెప్పాడు. టోక్యోలో మూడు వేల మందికి పైగా వృద్ధులను ఐదేళ్ళు గమనించి 2002లో దాన్ని ప్రచురించారట. ఇంటి దగ్గర నడిచి వెళ్ళగలిగిన పచ్చటి చోటు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ ఐదేళ్ళూ బతికి ఉన్నారని తేలింది. వయసు, ఆడా మగా, ఆర్థిక స్థితి లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా అదే ఫలితం. నడిచి వెళ్ళగలిగిన అన్న మాట దగ్గర నాకు బస్సు మెట్టు గుర్తొచ్చింది. మా ఆవిడకు షుగర్ కొంచెం అదుపులోకి వచ్చింది, నిద్ర బాగా పడుతోంది. అంతా పార్కు పుణ్యమే అనను, మాత్రలు వేసుకుంటోంది, అన్నం తగ్గించింది. కానీ ఆ 310 అంగలు లేకపోతే ఆవిడ రోజంతా టీవీ ముందే ఉండేదని నాకు తెలుసు.

ఇక లోపాలు. మొదటిది మరుగుదొడ్డి. ఉంది, తాళం వేసి ఉంది. ఏడాదిన్నరలో తెరిచి ఉండగా చూసింది రెండుసార్లు, రెండుసార్లూ ఎవరో పెద్దమనుషులు వచ్చిన రోజే. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు గంటలోపే వెళ్ళాల్సి వస్తుంది. మా పక్కింటి అక్క ఇందుకే పొద్దున్న నీళ్ళు తాగకుండా వస్తుంది. ఎండాకాలంలో ఆ వయసులో నీళ్ళు మానడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అక్కతో రోజూ చెబుతాను, ఆమె వినదు. ఆమె తప్పేమీ లేదు.

రెండోది గేటు. బైకులు రాకుండా ఇనుప కడ్డీలు అడ్డంగా వంకరగా పెట్టారు. వాకర్ పట్టుకున్న మనిషి పక్కకు తిరిగి దూరాలి, వీల్‌చైర్ అసలు పోదు. మా వీధిలో పక్షవాతం వచ్చిన ఒక సారు ఉన్నారు. ఆయన కొడుకు వీల్‌చైర్‌ను గేటు దాకా తోసుకొచ్చి, కానుగ నీడ కనిపించేలా బయటే కాసేపు నిలబెడతాడు. అది చూసిన ప్రతిసారీ నాకు గుండెలో కలుక్కుమంటుంది.

రావి చెట్టు వేరు దగ్గర నాలుగు టైల్స్ లేచి ఉన్నాయి. పోయిన వానాకాలం ఒక పెద్దాయన అక్కడే తట్టుకుని పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చెట్టు కొట్టేద్దామని ఒకరిద్దరు అన్నారు. వద్దని గట్టిగా చెప్పాం. అంత మేర టైల్స్ తీసేసి మట్టి పోసి చదును చేస్తే చాలు, ఇంకా చేయలేదు.

గులకరాళ్ళ బాట ఒకటి వేశారు, చెప్పులు విప్పి నడిస్తే మంచిదని బోర్డు కూడా పెట్టారు. షుగర్ ఉన్నవాళ్ళు దయచేసి ఆ బాట ఎక్కవద్దు. అరికాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకు గాయం అయిన సంగతి తెలియదు, తెలిసేసరికి పుండు అవుతుంది. మా ఆవిడను డాక్టర్ ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమన్నాడు. ఓపెన్ జిమ్ సామాను కుర్రాళ్ళకు బాగుంది, మా వయసుకు పనికొచ్చేది చేతులు తిప్పే చక్రం ఒక్కటే.

రాలిన ఆకులు ఆదివారాలు కుప్పేసి కాల్చేవాళ్ళు. ఆస్తమా ఉన్న ఇద్దరు ఆ పొగకు రావడమే మానేశారు. అందరం కలిసి అడిగాం. మూల మీద గొయ్యి తవ్వి ఆకులు అందులో వేస్తున్నారు ఇప్పుడు. ఆ ఇద్దరూ మళ్ళీ వస్తున్నారు.

ఉదయం ఐదు నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు తెరిచి ఉంటుంది. టికెట్ లేదు. చలికాలంలో ఎండ వచ్చాకే రండి, మంచుకు టైల్స్ జారుతాయి. సాయంత్రం పిల్లలు బంతాట ఆడుతుంటారు, కాలు గట్టిగా లేనివాళ్ళు ఉదయమే మేలు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. మరుగుదొడ్డి తాళం తీసి, గేటు కడ్డీలు వీల్‌చైర్ పోయేంత వెడల్పు చేసిన రోజు మళ్ళీ వచ్చి ఈ లెక్క మారుస్తాను.