13 అడుగుల పాత ట్రైలర్: కుషన్లు తర్వాత, ముందు నేల చూడండి

డాలస్‌లో ఉంటున్న మాకు పాత ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ ఒకటి ఉంది, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడుకోగలిగే చిన్న బండి. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన బోలర్ అనే ట్రైలర్ల కోవలోది: పైనొక డొప్ప, కిందొక డొప్ప, మధ్యలో అతుకు. ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నా, ఇద్దరికి హాయిగా సరిపోతుంది. పిల్లలు ఎదుగుతున్న ఇంటికి మాత్రం వద్దు.

సామానుతో కలిపినా రెండు వేల పౌండ్లు దాటదు. మా మినీవ్యాన్ 3,500 పౌండ్లు లాగగలదు కాబట్టి ట్రక్కు కొనాల్సిన పని పడలేదు. మైలేజీ దాదాపు సగానికి పడిపోతుంది. బరువు కన్నా ఎదురుగాలిదే ఎక్కువ పాపం.

బాగుచేయడానికి పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం కంటికి కనబడని చోటికే పోయింది. గోడల్లో చెక్క లేదు కనుక అవి కుళ్లవు, కానీ నేల ప్లైవుడ్డే. లోపలి అల్మరాలు గోడకి రివెట్లతో బిగించి ఉంటాయి, ప్రతి రివెట్టూ ఒక చిల్లే. వాన నీళ్లు అందులోంచి దిగి, గోడ లోపలి లైనింగ్ వెనక జారి, చడీచప్పుడు లేకుండా నేలలోకి ఇంకుతాయి. పాత ఓనరు నీళ్లు ఆపడానికి దొరికిన చోటల్లా సిలికాన్ పూశాడు. దాని జిడ్డు మిగిలితే మరే సీలెంటూ అంటుకోదు కాబట్టి గీకడమే పెద్ద పనైంది. కిటికీలు, పైకప్పు వెంటు విప్పి బ్యుటైల్ టేప్ (అతుకుల్లో నీళ్లు దిగకుండా వేసే జిగట పట్టీ) వేసి బిగించాక వానంటే టెన్షన్ పోయింది. కొనేవాళ్లు కుషన్లు ఎత్తి మూలల్లో నేలని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే వెనక్కి వచ్చేయండి.

టైర్లు అరగకపోయినా వయసుతో పాడవుతాయి. పక్కన ముద్రించిన డాట్ కోడ్ చివర 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని. అయిదారేళ్లు దాటితే మార్చడమే మంచిది. చక్రాల బేరింగులకి ఏటా గ్రీజు పెట్టాలి. పశ్చిమ టెక్సస్‌లో ఐ-10 హైవే మీద వేగం 80 మైళ్లు అని బోర్డున్నా మేం 65 దాటం.

వంట సంగతి. లోపల తిరగమోత పెడితే ఆవాలు చిటపటలాడేలోపే పొగ అలారం మోగుతుంది, వాసన పరుపులకి పట్టుకుని వారమైనా వదలదు. స్టవ్ బయట బల్ల మీదే. క్యాంపుగ్రౌండ్‌లో 30 యాంపుల కనెక్షనంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీకి దాదాపు 1,500, ఇండక్షన్‌కి 1,800 పోతే ఇక రైస్ కుక్కర్‌కి చోటెక్కడ? బ్రేకర్ పడిపోతుంది.

చిన్నదవడం వల్ల వచ్చే లాభం టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్కులో తెలిసింది. అక్కడి కొండల్లో ఉన్న చిసోస్ బేసిన్‌కి ఎక్కే మలుపుల దారికి 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దంటుంది పార్కు. మా దానికి ఆ బాధ లేదు.

ఇంకా మార్చాల్సింది ఏసీ. చల్లదనానికి లోటు లేదు, చప్పుడే భరించలేం. సరిగ్గా తలల మీదే ఉంటుంది. జులైలో టెక్సస్‌లో దాన్ని ఆపి పడుకోవడం అయ్యే పని కాదు.